పెళ్లికూతురి పీఠం కింద పుల్లీ

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల మీద తిరుగులేని నమ్మకం ఉండేది. ఒకటి శ్రీరామచంద్రుడి మీద, రెండోది నాకు బండ్ల గురించి అన్నీ తెలుసన్న మాట మీద. మొదటి నమ్మకం ఆయన దయవల్ల ఇప్పటికీ ఉంది, వయసుతోపాటు ఇంకా గట్టిపడింది కూడా. రెండోది మాత్రం ఒక శ్రీరామనవమి నాడు, ఆబిడ్స్ నుంచి నాంపల్లికి పోయే దారిలో, పట్టపగలు, నలుగురి ముందూ పోయింది.

అప్పుడు నేను నాంపల్లిలో ఒక స్పేర్ పార్టుల దుకాణంలో కౌంటర్ మీద పనిచేసేవాణ్ణి. ఎవరైనా వచ్చి వస్తువు పేరు చెబితే చాలు, ఏ గోడ, ఏ అర, ఏ రంగు అట్టపెట్టె అన్నది కళ్లు మూసుకుని చెప్పేవాణ్ణి. ఆ పెట్టెలోది బండిలో ఎక్కడ కూర్చుంటుందో మాత్రం ఎన్నడూ చూడలేదు. (పంచాంగం కంఠతా వచ్చినవాడు ఒక్కసారి కూడా తలెత్తి ఆకాశం చూడకపోవడం లాంటిదన్న మాట.) అయినా మా భజన మండలిలో బండి మాట వచ్చినప్పుడల్లా పెద్దలంతా "మనోడు పార్టుల లైన్‌ల ఉన్నడు" అని గౌరవంగా నా వైపు చూసేవారు. తెలియనిది అడిగితే నేను "చూడాలె" అని గంభీరంగా తలాడించేవాణ్ణి. లైసెన్సు ఉంది, పెళ్లి కాలేదు, తెల్లవారుజామునే లేస్తాడు అన్న అర్హతలతో మండలి వ్యాను తోలే సేవ నాకు దక్కింది. అర్జునుడికి సారథ్యం చేసిన పరమాత్ముణ్ణి తలచుకుని, స్టీరింగుకు దండం పెట్టి మరీ ఎక్కేవాణ్ణి. ఆ పరమాత్ముడు యుద్ధం మధ్యలో రథం ఆపి, గుర్రాలకు నీళ్లు పట్టించి, ఒంట్లో దిగిన బాణాలు పీకి, ఒళ్లు నిమిరాడని కూడా హరికథల్లో విన్నాను గానీ, సారథ్యంలో ఆ భాగం నాకు కూడా వర్తిస్తుందని ఎందుకో తట్టలేదు.

ఆ వ్యాను ఒక భక్తుడు తన వ్యాపారానికి వాడగలిగినంత వాడి, ఇక స్వామి సేవకే అని సమర్పించుకున్నది. పాతదే అయినా పవర్ స్టీరింగు ఉండటం వల్ల చక్రం ఒంటి చేత్తో తిరిగేది. ఇంజను మాత్రం ముందు సీట్ల మధ్యకు పొడుచుకొచ్చి, ఒక రేకు మూత కింద ఉండేది. ఆ మూత బల్లపరుపుగా, సరిగ్గా పీఠమంత వెడల్పుగా ఉండటంతో ఉత్సవ విగ్రహాలను దాని మీదే వేంచేపు చేసేవాళ్లం. రానురాను అది ఇంజను మూత అన్న సంగతే అందరం మరిచిపోయాం. దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, ఎర్రపట్టు పరిచి, విగ్రహం లేని రోజున కూడా ముట్టుకుని కళ్లకద్దుకునేవాళ్లం. ఆయిలు మార్చడానికి షెడ్డుకు తీసుకెళ్తే మెకానిక్కు మూత మీద చెయ్యి వేయబోయాడు. "అది పీఠం భాయ్, నీ పని కింది నుంచి చేస్కో" అని నేనే ఆపాను. సీతమ్మవారిని కూర్చోబెట్టే చోటును స్క్రూలు విప్పి తెరవడమేమిటి అన్నది నా భక్తి.

దీనికి తోడు మా మండలికి ఇంకో నియమం ఉంది. అమ్మవారితో వ్యాను కదిలిందంటే నామసంకీర్తన మొదలు కావాలి, చేరేదాకా ఒక్క క్షణం ఆగకూడదు. దానికి నాయకుడు తాళాల తాత. ఏదో ఆఫీసులో గుమాస్తాగా రిటైరైన ఆయన, సర్వీసంతా నోరెత్తకుండా గడిపిన బాకీని తాళాల మీద తీర్చుకునేవాడు. ఆయన రెండు చేతులూ ఎత్తి తాళం కొడితే నాంపల్లి స్టేషన్లో రైలు కూత వేసి కూడా ఎవరికీ వినబడలేదే అని చిన్నబుచ్చుకునేది. డ్రైవింగు సీట్లో నేను కూడా గొంతు కలిపేవాణ్ణి. ఇంజను ఏమంటోందో వినే చెవి ఆ వ్యానులో ఒక్కటీ ఉండేది కాదు.

ఆ ఏడు కల్యాణంలో కన్యాదానం చేసే వంతు మా పెద్దబాపుకు, అంటే మా నాన్నగారి అన్నకు వచ్చింది. ఆచారం ప్రకారం మేము ఆడపెళ్లివాళ్లం. నాంపల్లి స్టేషను దగ్గర ఉండే ఇంకో సమాజం మగపెళ్లివాళ్లు. రాములవారు వాళ్ల దగ్గర ఉంటారు, సీతమ్మ మా మందిరంలో. పీటల మీద కూర్చోబోయే దంపతులు ఉగాది నాడే అమ్మవారిని ఇంటికి తెచ్చుకుని, నవమిదాకా కన్నబిడ్డలాగా చూసుకుని, ఆ రోజు వ్యానులో అత్తవారి మండపానికి తీసుకెళ్తారు. పెద్దబాపుకూ పెద్దమ్మకూ పిల్లలు లేరు. ఎన్నో ఏళ్లుగా వంతు దగ్గరికి వచ్చినప్పుడల్లా, ఇంట్లో కూతురి పెళ్లి కుదరనివాళ్లో, మొక్కు ఉన్నవాళ్లో వచ్చి అడిగేవారు. "ముందు మీరు కూసోన్రి, మాకేం తొందరుంది" అని పెద్దబాపు వదులుకునేవాడు. ఆ ఏడు మాత్రం పెద్దమ్మ అడ్డం తిరిగింది. "గీసారి ఎవ్వలకన్న ఇచ్చినవనుకో, నేను ఒక్కదాన్నే పోయి పీటల మీద కూసుంట" అంది. ఆ తొమ్మిది రోజులూ ఆమె అమ్మవారికి నలుగు పెట్టి, స్నానం చేయించి, పక్కన దిండేసుకుని పడుకుంది. ఆ విగ్రహంతో ఏమేం మాట్లాడేదో మాకెవరికీ చెప్పేది కాదు.

ఒక్కటే చిక్కు. కల్యాణం అభిజిత్ లగ్నంలో, నడినెత్తిన ఎండ ఉండగా జరగాలి. ముహూర్తం దాటడానికి వీల్లేదు కాబట్టి మగపెళ్లివాళ్లు ఇంకో దంపతులను మడితో సిద్ధంగా కూర్చోబెడతారు. అమ్మవారు వేళకు రాకపోతే కలశంలోకి ఆవాహన చేసి, వాళ్ల చేత కన్యాదానం చేయించేస్తారు. వెనక ఒకసారి అలా జరిగింది కూడా.

ఆ ఉదయం అమ్మవారిని పెళ్లికూతురిగా అలంకరించి పీఠం మీద కూర్చోబెట్టాం. పక్క సీట్లో పెద్దమ్మ, మలుపుల్లో పడిపోకుండా బిడ్డ నడుం చుట్టూ చెయ్యి వేసి కూర్చుంది. వెనక పట్టుపంచెలో పెద్దబాపు, తాళాల తాత, మండలివాళ్లు. అందరూ మడితో ఉన్నారు, నేనొక్కణ్ణే మామూలు బట్టల్లో. తాత తాళం ఎత్తాడు, వ్యాను కదిలింది. ఆబిడ్స్ చౌరస్తా దగ్గర నాంపల్లి వైపు తిప్పబోతే స్టీరింగు తిరగలేదు. అంటే తిరిగింది గానీ, పూడిపోయిన బావిలోంచి బొక్కెన లాగుతున్నట్టు తిరిగింది. రెండు చేతులతో వేలాడినా సగం మలుపే వచ్చి, వ్యాను రోడ్డుకు అడ్డంగా నిలబడిపోయింది. వెనక హారన్లు మొదలయ్యాయి.

నామం ఆపకూడదు కదా, అందుకని తాళాల తాత నన్ను రాగంలోనే తిట్టడం మొదలుపెట్టాడు. "రామా… రామా… బండెందుకు ఆపినవ్ రా… రామా…" అని ఆయన ఎత్తుకుంటే, మండలి అంతా అలవాటు కొద్దీ "బండెందుకు ఆపినవ్ రా రామా" అని అందుకుంది. నేనూ రాగంలోనే జవాబు చెప్పాను. "తిరుగుత లేదు తాతా… రామా…" దానికీ కోరస్ వచ్చింది. తాత తాళం కొడుతూనే ముందుకు వంగి చూశాడు. ఒక్కసారిగా ఆయన ముఖం వెలిగింది. "పుట్టిల్లు ఇడ్వబుద్ధైత లేదు… రామా… అమ్మకు బుద్ధైత లేదు…"

ఈ మాటతో వ్యానులో అందరి కళ్లూ చెమర్చాయి. నిజం చెప్పొద్దూ, నావి కూడా. పవర్ స్టీరింగు సామాన్లు అమ్మి అన్నం తినే నేను, స్టీరింగు బిగుసుకుపోతే అమ్మవారికి అత్తారింటికి పోవాలని లేదని మనస్ఫూర్తిగా నమ్మాను. పెద్దమ్మ వంగి విగ్రహం చెవిలో చెబుతోంది. "పోదాం పా బిడ్డా. మంచి ఇల్లే. ఆయన మంచోడే. నేనున్న గదా, మండపం దాక వస్త." వెంటనే దిగి హారతిచ్చాం. ముందు చక్రానికి కొబ్బరికాయ కొట్టాం. మళ్లీ ఎక్కి తిప్పాను. తిరగలేదు. తాత అనుమానం ఈసారి నా మీదికి వచ్చింది. "పొద్దుగాల తానం చేసినవా… రామా… నిజం చెప్పు రామా…" నేను చేశానని పాడాను. నమ్మినట్టు కనబడలేదు.

అప్పుడు పెద్దమ్మ గట్టిగా అంది, రాగం లేకుండా. "జర తాళాలు ఆపున్రి."

తాళం ఆగలేదు గానీ తడబడింది. తాత కళ్లెర్రజేసి తల అడ్డంగా ఊపాడు.

"ఆపున్రి అన్న గదా. మనసుల అనుకోన్రి నామం. నోటితోని చేసే జపం కంటె మనసుల చేసేది గొప్పదని మొన్న ఏకాదశి నాడు మాకు చెప్పింది ఎవ్వరు? మీరే గదా. బిడ్డ పీట పొద్దటిసంది అదురుతున్నది. కింద ఏందో గీకుతున్నది. మీ లొల్లిల ఒక్కరికన్న ఇనవడ్తున్నదా?"

తాను చెప్పిన ప్రవచనమే ఎదురుగా వచ్చి నిలబడితే తాత మాత్రం ఏం చేస్తాడు? తాళాలు ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఒక్కొక్క గొంతూ ఆగింది. మండలి వ్యానులో అమ్మవారు ఉండగా నిశ్శబ్దం రావడం నేనెరిగి అదే మొదటిసారి. ఆ నిశ్శబ్దంలో, హారన్ల మధ్య నుంచి, ఎర్రపట్టు కింద నుంచి వినబడింది. కీ…చ్, టక టక టక. కీ…చ్, టక టక టక. మేమంతా ముఖముఖాలు చూసుకున్నాం. పాపం, ఆ ఇంజను ఎన్నాళ్ల నుంచి ఏడుస్తోందో! మేము దాని నెత్తిన పసుపు కుంకుమలు పెట్టి, దండం పెట్టి, వినబడకుండా పాడుతున్నాం.

ఇంజను ఆపాను. మూత తీయాలంటే పెళ్లికూతుర్ని లేపాలి, లేపితే కింద పెట్టకూడదు. పెద్దమ్మ ఇంకో మాట లేకుండా అమ్మవారిని ఎత్తుకుని దిగింది. దిగేముందు బండి తాళంచెవి లాగి కొంగున ముడేసుకుంది. "మీ చేతులు లోపలుండంగ ఎవడన్న బండి చాలు చేస్తే?" అంది. (ఈ ఆలోచన పార్టుల లైన్‌లో ఉన్నవాడికి రావలసింది.) పండగకు మూసి ఉన్న ఒక దుకాణం నీడన, పసిపిల్లను చంకన వేసుకున్నట్టు విగ్రహాన్ని ఎత్తుకుని నిలబడింది. దారిన పోయేవాళ్లు ఆగి చెప్పులు విడిచి దండాలు పెట్టసాగారు. ఒకావిడ రెండు అరటిపండ్లు చేతిలో పెట్టి, "కొత్త గుడా అమ్మా? ఎప్పుడు కట్టిన్రు?" అని అడిగింది. "గుడి గాదమ్మా, బండి ఖరాబైంది" అంది పెద్దమ్మ.

మూత తీశాను. లోపల అక్షింతలు, ఎండిన చామంతులు, తులసి ఆకులు, ఏ ఉత్సవం నాటిదో సగం కర్పూరం బిళ్ల. వాటి మధ్యన, బెల్టు చుట్టుకుని ఉన్న ఒక ఇనప చక్రం వంకరగా వాలి ఉంది. వేలితో కదిపితే వదులైన గాజులా ఊగింది. ఒక్క క్షణం చూసి, "పవర్ స్టీరింగ్ పంపు పుల్లీ!" అని అరిచాను. ఎడమ గోడ, కింది అర, నీలం పెట్టె! ఉత్తరాల్లో పేరు మాత్రమే చదివిన చుట్టాన్ని మొదటిసారి ఎదురుగా చూసినట్టు నాకు ఆనందం పట్టలేదు. మధ్యలో దాన్ని బిగించే నట్టు వదులైపోయింది. చక్రం ఇరుసు మీద నిలకడగా నిలబడక బెల్టు జారుతోంది, పంపు తిరగడం లేదు, అందుకే స్టీరింగు రాయిలా ఉంది.

"మరి బిగియ్యరాదు?" అన్నాడు తాత, ఈసారి వచనంలో. బిగించడానికి పనిముట్లు కావాలి. సీటు కింద పనిముట్ల పెట్టె తెరిస్తే అందులో అగరొత్తులు, వత్తులు, గంధం చెక్క, కొబ్బరికాయలు కొట్టే కత్తి ఉన్నాయి. మా మండలికి ఎప్పుడూ అవసరపడిన పనిముట్లు అవే మరి.

ఇంతలో వెనక ఇరుక్కున్న ఒక ఆటోవాలా దూసుకుంటూ వచ్చాడు. "ఏంది భాయ్, రోడ్డు నీ పెండ్లి మండపమా? స్టేషన్ సవారీ ఉంది నాకు!" అని మొదలుపెట్టి, పెద్దమ్మ చంకన ఉన్న పెళ్లికూతుర్ని చూసి ఆగిపోయాడు. చెప్పులు విడిచాడు. దండం పెట్టాడు. నేను సంగతి చెబితే లోపలికి తొంగిచూసి పెదవి విరిచాడు. "నాకు నా ఆటో తప్ప ఇంకోటి తెల్వది. పానా మాత్రం ఉంది, తీస్కో. నేనైతే ఆగలేను, సవారీకి రైలుంది. పొద్దుమీకి స్టేషన్ అడ్డ మీదుంట, తెచ్చియ్యి. తేకుంటే ఆ తల్లినే అడుగుత." అందరం కలిసి వ్యానును తోసి ఆయన ఆటోకు దారి ఇచ్చాం, పానా నా చేతికి వచ్చింది.

నట్టుకు పానా సరిపోయింది. కానీ తిప్పితే నట్టుతోపాటు పుల్లీ కూడా తిరిగిపోతోంది. ఒకరు దాన్ని కదలకుండా అదిమి పట్టాలి, ఇంకొకరు బిగించాలి. తల ఎత్తి చూస్తే చుట్టూ పట్టుపంచెలు, మడికట్టు చీరెలు. ఒక్కొక్కరూ చేతులు వెనక్కి పెట్టుకుని "ఇటు తిప్పు", "అటు గాదు, ఇటు" అని సలహాలు ఇస్తున్నారు. వాళ్లను తప్పుపట్టను. ఆ చేతులతోనే కాసేపట్లో తలంబ్రాల బియ్యం ముట్టాలి. ఎండ నెత్తి మీదికి వచ్చేస్తోంది. అవతల మండపంలో ఇంకో దంపతులు పీటలవైపు చూస్తూ ఉంటారు.

అప్పుడు పెద్దబాపు పంచె ఎగగట్టి లోపలికి వచ్చాడు. భుజం మీది పట్టు ఉత్తరీయం తీసి పుల్లీ చుట్టూ తిప్పి, బెల్టుతో కలిపి రెండు చేతులా అదిమి పట్టాడు.

"పెద్దబాపూ, మడి!" అన్నాను.

"అయ్యో, కన్యాదానం చేసే చేతులయ్యా!" అని తాత నెత్తి పట్టుకున్నాడు.

"బిడ్డ పెండ్లికి పోయే బండి ఆగితే, తండ్రి మడి చూస్కుంట కూసుంటడా?" అన్నాడు పెద్దబాపు. నా వైపు తిరిగి, "ఏం జూస్తున్నవ్ రా, తిప్పు" అన్నాడు.

తిప్పాను. మనసులో రామా అనుకున్నప్పుడల్లా ఒక గుంజు. తాత చేతులు గాలిలో తాళం వేస్తున్నాయి గానీ చప్పుడు లేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. చివరికి నట్టు ఇక కదలనంది. పెద్దబాపు వేలితో పుల్లీని ఊపి చూశాడు, అది రాయిలా నిలబడింది. ఉత్తరీయం ఏ రంగుదో చెప్పడం కష్టంగా ఉంది. మూత పెట్టి, పెద్దమ్మ కొంగులోంచి తాళంచెవి తీసుకుని ఇంజను చాలు చేశాను. కీచు లేదు. స్టీరింగు ఒంటి చేత్తో తిరిగింది. తాళాల తాత తాళాలు ఎత్తి, ఆగి, పెద్దమ్మ వైపు చూశాడు. "ఇగ కొట్టొచ్చునా అమ్మా?"

"కొట్టున్రి. జర మెల్లగ."

మేము వెళ్లేసరికి పురోహితుడు కలశం ముందు కూర్చుని ఉన్నాడు. ఆ దంపతులు లేచి నిలబడి, పీటల దగ్గరికి ఒక అడుగు వేసి ఉన్నారు. పెద్దమ్మ చేతుల్లో అమ్మవారిని చూడగానే ఆ ఇల్లాలు వేసిన అడుగు వెనక్కి తీసుకుని, "రా అక్కా, జల్ది రా" అంటూ దారి ఇచ్చింది. పెద్దబాపు కాళ్లూ చేతులూ కడుక్కున్నాడు. నీళ్లకు పోయే నలుపా అది? పురోహితుడు ఆ చేతులు చూసి, "ఏమిటండీ ఇది?" అన్నాడు. "ఆడపిల్ల తండ్రిని గద అయ్యగారూ, పనులుంటయి" అన్నాడు పెద్దబాపు. పురోహితుడు ఏమనుకున్నాడో, మంత్రజలం ఇంకోసారి చల్లి "కూర్చోండి" అన్నాడు.

వరుడి పాదాలు కడిగే వేళ వచ్చింది. పెద్దమ్మ నీళ్లు పోస్తుంటే పెద్దబాపు రాములవారి పాదాలు కడిగాడు. కడిగి చెయ్యి తీసేసరికి, వెండి పాదం మీద నల్లగా, స్పష్టంగా ఒక బొటనవేలి ముద్ర. మగపెళ్లివాళ్లలో ఒకాయన కంగారుగా గుడ్డ తీసుకుని తుడవబోయాడు. పురోహితుడు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఉండనివ్వండి. మామగారి గుర్తు." మండపమంతా నవ్వింది. పెద్దమ్మ కూడా నవ్వుతూనే, బిడ్డ చెయ్యి అందించే చోటికి వచ్చేసరికి బోరుమని ఏడ్చింది. అప్పుడు ఏ తాళాల చప్పుడూ ఆ ఏడుపును కప్పలేకపోయింది.

పానా సాయంత్రమే ఆటో అడ్డ మీద ఇచ్చేశాను. మర్నాడు వ్యానును షెడ్డుకు తీసుకెళ్లి, ఎర్రపట్టూ మూతా నా చేత్తోనే తీసి చూపించాను. పెద్దబాపు మాత్రం గోళ్లలోని ఆ నలుపును చాలా రోజులు ఉంచుకున్నాడు. "కిరసనాయిలు పెట్టి తోముకోరాదు, అసహ్యంగ" అని పెద్దమ్మ విసుక్కుంటే, "బిడ్డ పోయింది, గిదన్న ఉండనియ్యి" అనేవాడు.

ఆయన వెళ్లిపోయి చాలా కాలమైంది. ఆ నాటి ఆయన వయసు ఇప్పుడు నాకు వచ్చింది. ఈ మధ్య నా కారు ఏదో చప్పుడు చేస్తోందని నాంపల్లిలో షెడ్డుకు తీసుకెళ్లాను. మెకానిక్కు బానెట్ ఎత్తి, "సార్, జర గిది పట్టుకుంటరా?" అని అడిగాడు. నేను ఒకసారి నా తెల్లచొక్కా చూసుకుని, ఒకసారి ఇంజను చూసుకుని, "చూడాలె" అన్నాను, గంభీరంగా. ఆ మాట నోట్లోంచి వచ్చాక నాకే నవ్వొచ్చింది. మెకానిక్కు ఎందుకు నవ్వుతున్నానో తెలియక నన్నే చూస్తున్నాడు. చొక్కా చేతులు పైకి మడిచి, రామా అనుకుని, లోపలికి చెయ్యి పెట్టాను.